పదహారు నిండని రాముడు, పిన్ని దాచిన టెన్త్ మెమో



బాలకాండ సిరీస్‌లో ఈ వారం వీడియో విశ్వామిత్రుడు అయోధ్యకి రావడం, రాముణ్ణి అడిగి తీసుకెళ్ళడం దగ్గర ఆగింది. వీడియోలో కథ చెప్పాను కానీ ఆ కథని నేను మళ్ళీ ఎందుకు చదవాల్సి వచ్చిందో చెప్పలేదు. కెమెరా ముందు చెబితే గొంతు సరిగ్గా రాదు. రాయడం కొంచెం తేలిక, అందుకే ఇక్కడ రాస్తున్నా. పక్కన వాల్మీకి రామాయణం పెట్టుకుని చదవండి. బాలకాండ 18వ సర్గ చివరి భాగం నుంచి 23వ సర్గ మొదలు దాకా చాలు. చిన్న సర్గలే, అరగంట పట్టదు.

మాది ఎన్టీఆర్ జిల్లా వీరులపాడు మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి గానీ మా నాన్న ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే చెప్తాడు. కృష్ణా జిల్లా అనగానే అందరూ కాలవలు, వరిచేలు ఊహించుకుంటారు. మాది మెట్ట. పత్తి, మిర్చి. సాగర్ ఎడమ కాలవ చివరి భూములు, నీళ్ళొస్తే వచ్చినట్టు. మా బాబాయికి సొంతం మూడెకరాలు, ఇంకో నాలుగు కౌలు. పెద్దది అమ్మాయి, పెళ్ళయిపోయింది. ఆ అమ్మాయి పుట్టిన పదేళ్ళకి, ఇక లేరనుకున్నాక, పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి మొక్కుకుంటే పుట్టినవాడు మా తమ్ముడు. ఈ మాట గుర్తుంచుకోండి, దశరథుడి దగ్గర మళ్ళీ వస్తుంది.

వాడు ఇంటర్ చదువుతూ ఒకరోజు ఫోన్ చేసి "అన్నా, అగ్నివీర్‌కి అప్లై చెయ్యాలి, నెట్ సరిగ్గా రావట్లేదు, నువ్వు చెయ్యవా" అన్నాడు. హైదరాబాద్‌లో నా రూమ్‌లో కూర్చుని, ఒక మీటింగ్‌కీ ఇంకో మీటింగ్‌కీ మధ్య ఫారం నింపేశా. పిల్లలు సవాలక్ష పరీక్షలు రాస్తారు, అందులో ఇదొకటి అనుకున్నా. వాడు అలా అనుకోలేదు. తెల్లారి నాలుగింటికి లేచి జుజ్జూరు రోడ్డు మీద పరిగెత్తేవాడు. రాత పరీక్ష పాసయ్యాడు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్లప్స్, తర్వాత మెడికల్, అన్నీ అయిపోయాయి. ఈ స్కీములో పదిహేడున్నర ఏళ్ళకే చేరొచ్చు, కానీ 18 నిండకపోతే కాగితాల మీద తల్లిదండ్రుల సంతకం కావాలి. వాడికి పదిహేడు ఏళ్ళ తొమ్మిది నెలలు.

అక్కడ ఆగింది బండి. బాబాయి "మీ పిన్ని సరేనంటే నేను పెడతా" అన్నాడు. పిన్ని సరేననలేదు. పైగా సర్టిఫికెట్లు సర్దుకునే రోజు వాడి టెన్త్ మెమో కనపడలేదు. ఇల్లంతా వెతికారు. పిన్ని కూడా వాళ్ళతో పాటు వెతికింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగింది: "ఆ ఫారం నింపింది నువ్వే కదరా?"

నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

శనివారం బస్సెక్కి ఊరెళ్ళా. వెళ్ళేముందు ఒక వెర్రి పని చేశా, చెప్పడానికి సిగ్గుగా ఉంది. గీత రెండో అధ్యాయం నుంచి నాలుగు శ్లోకాలు, వాటి అర్థాలు ఫోన్‌లో నోట్స్ రాసుకుని వెళ్ళా, పిన్నికి చెబుదామని. ఆత్మకి చావు లేదు, మమకారం వదులు, ఫలం మీద ఆశ పెట్టుకోకు, ఇలాంటివి. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి ప్రెజెంటేషన్ ఇచ్చినట్టు మొదలుపెట్టా. పిన్ని పప్పు కలుపుతూ అంతా విని, "నీకు పెళ్ళి కానీ, ఒక కొడుకు పుట్టనీ, అప్పుడు ఇదే చెప్పు, వింటా" అంది. అంతే.

తిరిగొచ్చే బస్సులో బాలకాండ తెరిచా. మనలో చాలామంది ఈ ఘట్టాన్ని విశ్వామిత్రుడి వైపు నుంచే చదువుతాం. రాముడు వెళ్ళాలి, తాటకని చంపాలి, అస్త్రాలు పొందాలి, మిథిలలో విల్లు విరవాలి. అన్నీ మనకి ముందే తెలుసు కాబట్టి దశరథుడు అడ్డంపడుతుంటే విసుగ్గా ఉంటుంది. ఆ రోజు మాత్రం ఆయన వైపు నుంచి చదివాను.

దశరథుడు ఏమేం అన్నాడు

సందర్భం చూడండి. విశ్వామిత్రుడు వచ్చే సమయానికి దశరథుడు పురోహితులతో, బంధువులతో కూర్చుని కొడుకుల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుతున్నాడు. ఇంటి ధ్యాసలో ఉన్నాడు. మహర్షి వచ్చాడన్న సంతోషంలో మీరేం అడిగినా చేస్తానని మాట ఇచ్చేశాడు, ఏం అడుగుతారో తెలియకుండానే. నేను ఫారం నింపినట్టే అనుకోండి.

విశ్వామిత్రుడు అడిగింది పది రాత్రుల కోసం రాముణ్ణి. మారీచ సుబాహులనే రాక్షసులు యజ్ఞం పాడుచేస్తున్నారు, రాముడొచ్చి కాపలా కాయాలి. వినగానే దశరథుడు స్పృహ తప్పాడు. తేరుకున్నాక ఆయన మాట్లాడిన మాటలు మన ఇళ్ళలో మాటల్లాగే ఉంటాయి. వాడికింకా పదహారు ఏళ్ళు కూడా నిండలేదు అన్నాడు. వాడికి యుద్ధం తెలియదు, ఎదుటివాడి బలం ఎంతో అంచనా వేయడం రాదు అన్నాడు. నా దగ్గర అక్షౌహిణి సైన్యం ఉంది, నేనే వస్తాను, ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు నేనే పోరాడతాను అన్నాడు. అరవై వేల ఏళ్ళ వయసులో ఎంతో కష్టపడితే పుట్టినవాడు, నలుగురిలోకీ వాడంటే నాకు ఎక్కువ ఇష్టం, తీసుకెళ్ళకండి అన్నాడు. వాడు లేకుండా ఒక్క ముహూర్తం కూడా బతకలేను అన్నాడు.

బేరమాడుతున్నాడు అన్నమాట. నేనొస్తా, సైన్యాన్ని పంపుతా, వాణ్ణి మాత్రం వదిలేయండి. మా బాబాయి కూడా మొదటివారం ఇలాగే "వాడికి ఇంకో ఎకరం కౌలు తీసుకుని ఇస్తా, డిగ్రీ చదివిస్తా" అన్నాడట.

మధ్యలో ఇంకో సంగతి ఉంది, నేను ఇన్నిసార్లు చదివినా పట్టించుకోనిది. దశరథుడు ప్రశ్నలు అడుగుతాడు. ఆ రాక్షసులు ఎవరు? ఎవరి కొడుకులు? ఎంత బలం ఉంది? వాళ్ళ వెనక ఎవరున్నారు? వాళ్ళతో నేనెలా తలపడాలి? దానికి విశ్వామిత్రుడు కోప్పడలేదు. కూర్చుని జవాబు చెప్పాడు. విశ్రవసుడి కొడుకు రావణుడు వాళ్ళ వెనక ఉన్నాడని దాచకుండా చెప్పాడు. ఆ పేరు వినగానే దశరథుడి భయం ఇంకా పెరిగింది, అది వేరే విషయం. రావణుడి ముందు నేనే నిలబడలేను, చిన్నపిల్లాణ్ణి ఎలా పంపను అన్నాడు. విశ్వామిత్రుడికి కోపం వచ్చింది అప్పుడు, ప్రశ్నలకి కాదు, ఇచ్చిన మాట తప్పినందుకు. ఆ కోపానికి భూమి కంపించిందంటాడు వాల్మీకి.

వశిష్ఠుడు ఏం అన్నాడు

21వ సర్గ. అటు కోపంతో ఉన్న మహర్షి, ఇటు గడగడలాడుతున్న తండ్రి. మధ్యలో వశిష్ఠుడు లేచాడు. ఆయన బ్రహ్మర్షి, కావాలంటే వేదాంతం మొత్తం చెప్పగలడు. నేను పిన్నికి చెప్పిన లాంటివి ఇంకా బాగా చెప్పగలడు. చెప్పలేదు. మమకారం తప్పని గానీ, కొడుకు మీద అంత ప్రేమేంటని గానీ ఒక్క మాట లేదు. ఆయన చెప్పినవి మూడు సంగతులు. ఇక్ష్వాకు వంశంలో పుట్టినవాడివి, మాట తప్పితే చేసుకున్న పుణ్యం పోతుంది అన్నాడు. వాడు వెళ్తున్నది ఎవరితోనో చూడు, అగ్ని అమృతాన్ని కాపాడినట్టు విశ్వామిత్రుడు వాణ్ణి కాపాడతాడు అన్నాడు. ఆ తర్వాత ఈయనకి తెలిసిన అస్త్రాల చిట్టా విప్పాడు.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఆ రాక్షసుల్ని విశ్వామిత్రుడు తనంతట తనే చంపగలడు. అయినా నీ కొడుకు మేలు కోసం నీ గుమ్మంలోకి వచ్చి అడుగుతున్నాడు అన్నాడు.

ఇది విన్నాక దశరథుడి మొహం తేటపడింది. ఇక్కడ వాల్మీకి ఒక్కో పనీ వరసగా చెప్తాడు, నెమ్మదిగా చదవండి. దశరథుడు రాముణ్ణి తనే స్వయంగా పిలిచాడు, లక్ష్మణుడితో సహా. తల్లీ తండ్రీ దీవించారు. వశిష్ఠుడు మంగళ మంత్రాలు చదివాడు. దశరథుడు కొడుకు తల మూర్కొని, సంతోషం నిండిన మనసుతో విశ్వామిత్రుడి చేతిలో పెట్టాడు. కాసేపటి క్రితం స్పృహ తప్పిన మనిషే ఈయన. పంపడం ఎలాగూ తప్పదు కదా, బలవంతంగా లాక్కెళ్ళడం అయ్యేది. దాన్ని ఆయన ఇవ్వడంగా మార్చుకున్నాడు.

నాకు అర్థమైనంతవరకు వశిష్ఠుడు దశరథుణ్ణి రాముడి మీద నుంచి చూపు తిప్పుకోమనలేదు. చూపుని కొంచెం పక్కకి జరిపి, వాడి పక్కన నిలబడి ఉన్నదెవరో చూడమన్నాడు. నా గీత నోట్స్‌లో లేనిది ఇదే. పిన్నికి ఆత్మ గురించి సందేహాలేం లేవు. వాడు ఎవరి చేతిలోకి వెళ్తున్నాడో ఆమెకి తెలియదు. చెప్పగలిగినవాళ్ళెవరూ ఆమెకి చెప్పలేదు.

పిన్ని ప్రశ్నలు

మా పక్క ఊళ్ళో ఒక రిటైర్డ్ హవల్దార్ ఉన్నారు. ఇరవై ఏళ్ళకి పైగా సర్వీసు చేసి వచ్చి ఇప్పుడు మిర్చి వేస్తున్నారు. తర్వాతి వారం ఆయన్ని బతిమాలి మా పిన్ని వాళ్ళింటికి తీసుకెళ్ళా. ఈసారి నేను నోరు మూసుకుని కూర్చున్నా.

పిన్ని మంచినీళ్ళిచ్చి అడగడం మొదలుపెట్టింది. దేశం గురించి ఏమీ అడగలేదు. "అన్నయ్యగారూ, అక్కడ అన్నం పెడతారా, రొట్టెలేనా?" "జ్వరమొస్తే ఎవరు చూస్తారు?" "కొడతారంట కదా, నిజమేనా?" "హిందీ రాదు వాడికి, ఎట్టా?" "ఫోన్ చేసుకోనిస్తారా?" ఆఖర్న, కొంచెం ఆగి, "నాలుగేళ్ళయ్యాక పంపించేస్తారంట కదా, అప్పుడేం చేస్తాడు?"

ఆయన ఒక్కోదానికి జవాబు చెప్పారు, తీపి పూయకుండా. అన్నం ఉంటుంది, కూర మన కారం ఉండదు. జ్వరమొస్తే ఎంఐ రూమ్ ఉంటుంది, అక్కడ డాక్టర్ చూస్తాడు, ఇంట్లో కంటే తొందరగానే చూస్తారు. ఉస్తాద్ అరుస్తాడు, పరిగెత్తిస్తాడు, మొదటి నెల కుర్రాళ్ళు దుప్పట్లో ఏడుస్తారు, నేనూ ఏడ్చాను. హిందీ మూడు నెలల్లో వచ్చేస్తుంది. ఫోన్ మొదట్లో చేతికివ్వరు, ఆదివారం కాసేపు ఇస్తారు. ప్రతివాడికీ ఒక బడ్డీ ఉంటాడు, వీడు పడితే వాడు లేపాలి, వాడు పడితే వీడు లేపాలి. (విశ్వామిత్రుడు అడిగింది రాముణ్ణొక్కణ్ణే. లక్ష్మణుణ్ణి ఎవరూ అడగలేదు, అయినా దశరథుడు ఇద్దర్నీ పంపాడు. ఆయన బడ్డీ అనగానే నాకు ఇదే గుర్తొచ్చింది.)

నాలుగేళ్ళ సంగతి నేను చెప్పాల్సి వచ్చింది, ఫారం నింపినవాణ్ణి కాబట్టి. 2022 జూన్‌లో పెట్టిన అగ్నిపథ్ స్కీము ప్రకారం నాలుగేళ్ళ తర్వాత 25 శాతం వరకే రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగతావాళ్ళు సేవానిధి కింద సుమారు 11.71 లక్షలతో బయటికి వస్తారు. వీడు ఆ నలుగురిలో ఒకడవుతాడని నేను మాట ఇవ్వలేను అని చెప్పా. పిన్ని తలూపింది. అబద్ధం చెప్పి ఉంటే కనిపెట్టేసేది.

అడగని ప్రశ్న ఒకటి ఉంది, అది అందరికీ తెలుసు. 2025 మే నెలలో సరిహద్దులో జరిగిన కాల్పుల్లో మన శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు, అగ్నివీర్ మురళీ నాయక్ అమరుడయ్యాడు. ఒక్కగానొక్క కొడుకు. అది టీవీలో చూసిన రోజు పిన్ని అన్నం ముట్టలేదని బాబాయి చెప్పాడు. హవల్దార్ గారే ఆ మాట ఎత్తారు. "అదీ ఉంటుందమ్మా. లేదని చెప్పి నీ దగ్గర సంతకం పెట్టించుకుంటే నేను మనిషినే కాదు" అన్నారు.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. బయట గేదె అరుస్తోంది. పిన్ని లేచి కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది.

నాకు ఆ రోజు హైవే మీద వెనక్కి వెళ్తూ సూర్యాపేట దాటేటప్పుడు ఆ కుటుంబం గుర్తొచ్చింది. విజయవాడ హైవే మీద తిరిగేవాళ్ళందరికీ తెలిసిన పేరే, కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు. ఆరో తరగతిలో విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చేరారు. 1962లో మొదలైన స్కూల్ అది, ఆరో తరగతి అంటే పిల్లలకి పదీ పదకొండేళ్ళు. అక్కణ్ణుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీ, 2004లో ఆఫీసరుగా 16 బీహార్ రెజిమెంట్. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ఆ బెటాలియన్‌ని నడిపిస్తూ చనిపోయారు. ఆ రాత్రి మన సైనికులు మొత్తం 20 మంది పోయారు. తండ్రి బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవారు. తనకి సైన్యంలో చేరాలని ఉండేదనీ, అది కొడుకు ద్వారా తీరిందనీ ఆయన చెప్పుకున్నారు. తల్లి విలేకరులతో మాట్లాడుతూ కొడుకు పోయినందుకు బాధనీ, దేశం కోసం పోయినందుకు గర్వాన్నీ రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పారు. మరుసటి ఏడాది నవంబర్‌లో రాష్ట్రపతి భవన్‌లో ఆయన భార్యా తల్లీ కలిసి మహావీర చక్ర అందుకున్నారు.

మనం ఏం చేస్తామంటే, ఆ రెంటిలో గర్వాన్నే తీసుకుని స్టేటస్ పెట్టుకుంటాం. "వీరమాతకు వందనం" అని. బాధని ఆవిడకే వదిలేస్తాం. నేనూ పెట్టాను 2020లో, ఒప్పుకుంటున్నా. వీరమాత అనే మాట ఒక తల్లి తన గురించి తను అనుకుంటే దానికి బరువుంటుంది. సోఫాలో కూర్చుని మనం అంటే, ఇక ఏడవొద్దు అని ఆవిడకి చెప్పినట్టవుతుంది.

మహాభారతం కూడా ఏడవొద్దని చెప్పదు. గీతని నేరుగా కృష్ణుడి నోటి నుంచి విన్నవాడు అర్జునుడు. యుద్ధం పదమూడో రోజు అభిమన్యుడు పోయాడని తెలిశాక అతని పరిస్థితి ద్రోణ పర్వంలో చదవండి. మామూలు తండ్రి ఎలా కుప్పకూలతాడో అలాగే కూలిపోయాడు. కృష్ణుడు పక్కన ఉండి ఓదార్చాడు, తర్వాత సుభద్ర దగ్గరికి కూడా వెళ్ళి ఓదార్చాడు. నిన్నగాక మొన్న అంత చెప్పాను కదా, వినలేదా అని ఎత్తిపొడవలేదు. ఉద్యోగ పర్వంలో యుద్ధానికి వెనకాడే కొడుకుని తిట్టి మరీ పంపే విదుల అనే తల్లి కథ కూడా ఉంది, కుంతి చెప్పిన కథ. అలాంటి తల్లులూ ఉంటారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం అనే ఊరే ఉంది, రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ తరతరాలుగా పిల్లల్ని సైన్యానికి పంపుతున్న ఊరు. అక్కడ పుట్టి ఉంటే పిన్నికి ఎదురింటి వాళ్ళూ పక్కింటి వాళ్ళూ ధైర్యం చెప్పేవాళ్ళేమో. మా ఊళ్ళో ఇదే మొదటిసారి.

సుప్రభాతం ఎవరి కోసం?

ఇప్పుడు 23వ సర్గ మొదలు. దీని కోసమే ఈ పాఠం అంతా రాస్తున్నా అనుకోండి.

అయోధ్య నుంచి బయల్దేరి, సరయూ నది దక్షిణపు ఒడ్డున ఒకటిన్నర యోజనం నడిచాక, విశ్వామిత్రుడు రాముడికి బల, అతిబల అనే విద్యలు ఇచ్చాడు. వాటివల్ల అలసట, జ్వరం దగ్గరికి రావు. గమనించారా, పిన్ని అడిగిన జ్వరం ప్రశ్నకి జవాబు! అస్త్రాలు తర్వాత ఎప్పుడో ఇస్తాడు, తాటక వధ అయ్యాక. అన్నిటికంటే ముందు పిల్లాడి ఒళ్ళు చూసుకున్నాడు. ఆ రాత్రి నది ఒడ్డునే గడ్డి మీద పడుకున్నారు. దశరథుడి కొడుకులకి అలవాటు లేని పక్క అది. అయినా విశ్వామిత్రుడి లాలనైన మాటలతో రాత్రి సుఖంగానే గడిచిందంటాడు వాల్మీకి.

తెల్లారింది. ఇల్లు వదిలాక మొదటి ఉదయం. విశ్వామిత్రుడు రాముణ్ణి సంధ్యావందనానికి లేపాలి. ఆయన ఏమని లేపాడో తెలుసా? మీకందరికీ తెలుసు. ప్రతి గుళ్ళో, చాలామంది ఇళ్ళలో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి గొంతులో పొద్దున్నే వినిపించే వెంకటేశ్వర సుప్రభాతం మొదటి శ్లోకం ఉంది కదా, అది వాల్మీకిదే. సుప్రభాతం రాసిన ప్రతివాది భయంకర అణ్ణన్ దాన్ని ఇక్కణ్ణుంచి తీసుకుని మొదట్లో పెట్టారు. ఆ శ్లోకంలో మొదటి పేరు రాముడిది కాదు. కౌసల్యది. దశరథుడి కొడకా అనలేదు, యువరాజా అనలేదు. ఇంటికి దూరంగా గడ్డి మీద పడుకున్న పిల్లాణ్ణి, వాళ్ళమ్మ పేరు చెప్పి లేపాడు ఆ మహర్షి. ఒకప్పుడు రాజుగా సైన్యాల్ని నడిపినవాడు, భూమి కంపించేంత కోపం ఉన్నవాడు.

నేను చిన్నప్పటి నుంచీ ఆ శ్లోకం అలారంలా విన్నా. అది ట్రైనింగ్‌లో మొదటి రోజు పొద్దున పాడిన మేలుకొలుపు అని ఎప్పుడూ తట్టలేదు. ఆ టైముకి కౌసల్య అయోధ్యలో ఏం చేస్తుందో వాల్మీకి చెప్పడు. ఆమెకి ఈ సంగతి తెలిసే అవకాశం కూడా లేదు.

ఇది నేను పిన్నికి ఫోన్‌లో చెప్పా, ఉపన్యాసంలా కాకుండా, మామూలుగా. పొద్దున్నే వాళ్ళింట్లో కూడా అదే పెడతారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఆయన కూడా మంచోడేలే" అంది, విశ్వామిత్రుడి గురించి. నాకు నవ్వొచ్చింది.

మెమో మర్నాడు దొరికింది. బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి అడుగున పెట్టిందట. "ఇక్కడుందిరా" అని వాడి చేతికిచ్చి, ఇంకేం చెప్పలేదు. వాడూ అడగలేదు. సంతకం బాబాయి పెట్టాడు, పెన్ను పిన్ని తెచ్చిచ్చింది.

సాగనంపడం

ఇది చదివేవాళ్ళలో ఎక్కువమంది తల్లిదండ్రులు కాదని నాకు తెలుసు. మనం పంపేవాళ్ళం కాదు, వెళ్ళేవాళ్ళం. ట్రైనింగ్‌కి కాకపోతే బెంగళూరుకి, డాలస్‌కి. మనం వెళ్ళేటప్పుడు అమ్మ అడిగే ప్రశ్నల్ని "అబ్బా, అన్నీ చూసుకుంటారమ్మా" అని కొట్టేస్తాం. ఈ ఘట్టంలో మనం నేర్చుకోవాల్సింది దశరథుడి నుంచి కంటే విశ్వామిత్రుడి నుంచి, రాముడి నుంచి ఎక్కువ ఉంది. ఆడదాన్ని చంపడమా అన్న సందేహం తాటక దగ్గర వస్తుంది కదా, అక్కడ రాముడు ఏమంటాడంటే, అయోధ్యలో పెద్దల మధ్య మా నాన్న మీరు చెప్పింది చెయ్యమన్నారు, అందుకే చేస్తాను అంటాడు. ఎక్కడో అడవిలో, మొదటి పోరాటం ముందు, నాన్న చెప్పి పంపిన మాట తలుచుకున్నాడు. పంపినవాళ్ళ మాట వెళ్ళినవాడి దగ్గర ఉంది.

దశరథుడు ఒక్కసారి పంపడం నేర్చుకున్నాడని కథ సుఖాంతం చేయలేను. రెండోసారి, వనవాసానికి, ఆయన వల్ల కాలేదు. రథం వెనక వీధిలో పరిగెత్తాడు, ఆపమని సుమంత్రుడికి కేకలు పెట్టాడు. అప్పుడు మంత్రులు ఒక మాట చెప్పి ఆయన్ని ఆపుతారు, అయోధ్యకాండ 40వ సర్గలో ఉంది: తిరిగి రావాలని కోరుకునేవాణ్ణి మరీ దూరం సాగనంపకూడదు. దశరథుడు ఒళ్ళంతా చెమటతో అక్కడే నిలబడిపోయాడు. కౌసల్య సంగతి ఇంకోలా ఉంటుంది. ఆమె కూడా మొదట కూలిపోయింది, వాదించింది, నేనూ వస్తానంది. చివరికి 25వ సర్గలో, దేవతలందర్నీ పేరుపేరునా పిలిచి కొడుకుకి కాపలా పెట్టి, ఓషధిని రక్షగా కట్టి, కొడుకు చుట్టూ ప్రదక్షిణ చేసి, మళ్ళీ మళ్ళీ కౌగిలించుకుని పంపింది. దేవుడి చుట్టూ తిరిగే తల్లుల్ని చూశాం. కొడుకు చుట్టూ తిరిగిన తల్లిని నేను అక్కడే చూశా.

తమ్ముడికి నాసిక్ రోడ్‌లో ఉన్న ఆర్టిలరీ సెంటర్ వచ్చింది. వెళ్ళేముందు రోజు పిన్నీ వాడూ పెనుగంచిప్రోలు వెళ్ళొచ్చారు. చేతికి కట్టే దారం అక్కడ తీయిస్తారేమో అని హవల్దార్ గారు ముందే చెప్పడంతో, తిరుపతమ్మ కుంకుమ చిన్న పొట్లం కట్టి పెట్టెలో బట్టల అడుగున పెట్టింది. దాంతో పాటు ఒక సీసా పండుమిర్చి పచ్చడి. అది గేటు దాటుతుందో లేదో ఎవరికీ తెలియదు, అయినా పెట్టింది.

వాళ్ళందరూ విజయవాడ స్టేషన్ దాకా వస్తామని బయల్దేరారు. నందిగామ బస్టాండ్‌లో బస్సు మారే దగ్గర పిన్ని ఆగిపోయింది. "మీరెళ్ళి ఎక్కించి రండి, నేనిక్కడి నుంచే వెళ్ళిపోతా" అంది. మంత్రులు దశరథుడికి చెప్పిన మాట నేను ఆమెకి చెప్పలేదు, ఒట్టు. మా వైపు పెద్దవాళ్ళకి ఆ మాట ఎక్కడో తెలుసేమో. బస్సు కదిలేదాకా కూడా ఉండలేదు. వాడి తల నిమిరి, వెనక్కి తిరిగి వీరులపాడు ఆటోలు ఆగే వైపు నడిచింది.

మొదటి ఫోన్ తొమ్మిది రోజుల తర్వాత ఆదివారం వచ్చింది, నాలుగు నిమిషాలు. అన్నం తిన్నావా అని అడిగింది, తిన్నా అన్నాడు. హిందీ వస్తుందా అంటే ఉస్తాద్ తిట్లు మాత్రం వచ్చాయన్నాడు. ట్రైనింగ్ అయ్యాక కసం పరేడ్ ఉంటుందనీ, తల్లిదండ్రుల్ని పిలుస్తారనీ, గౌరవ్ పదక్ అని ఒక పతకం అమ్మానాన్నల చేతికిస్తారనీ చెప్పాడు. పిన్ని నాసిక్ ఎంత దూరమో నన్ను మూడుసార్లు అడిగింది. టికెట్లు బుక్ చేసే పని నాదే. ఈసారి ఫారం నింపేముందు ఆమెని అడిగే నింపుతా.

వచ్చే వారం వీడియోకి అయోధ్యకాండ 24, 25 సర్గలు చదివి రండి. దూడ వెనక ఆవు వెళ్ళకుండా ఎలా ఉంటుందని కౌసల్య అడిగే మాట 24లో ఉంది. దానికి రాముడు ఇచ్చిన జవాబు నాకు పూర్తిగా నచ్చలేదు, ఎందుకో వీడియోలో మాట్లాడుకుందాం. మీ ఇంట్లో ఎవరైనా ఇలా వెళ్ళి ఉంటే, ఈ ఆదివారం వాళ్ళ అమ్మకి ఒకసారి ఫోన్ చేయండి.

జై శ్రీరామ్.